మద్రాసును కిందికి దించిన చెల్లె

నా చెల్లె యశోద నన్ను అడగకుండా కాలేజీల వరుస మార్చేసింది. డాక్టరీ చదువు దరఖాస్తులో మొదట మద్రాసు, తర్వాత మన పట్నం రాయాలని నిన్న ఇద్దరం తేల్చుకున్నాం. మద్రాసు మద్రాసని రెండేళ్ళుగా కలవరించింది కూడా ఆమే. ఈ రోజు రైలు పట్టాల పని ముగించుకొని ఇంటికి వచ్చి చూస్తే, కాగితం మీద పట్నం పైకెక్కి కూర్చుంది.

"ఎవర్ని అడిగి మార్చినవ్?" అని అరిచాను.

"మద్రాసుల అన్నీ ఇంగ్లీషులనే చెప్తరంట అన్నా. పట్నంలైతే ఉర్దూల చెప్తరు."

"బడిల ఇంగ్లీషుల నువ్వే ఫస్టు గదా! నీకేంది భయం?"

"నాకేం భయం? ఆ పుస్తకాలు నువ్వెట్ల చదువుతవ్?"

నేను ఏ బడికీ పోలేదు. ఆమె ఒక్కో తరగతి దాటినప్పుడల్లా ఆ పాత పుస్తకాలు నేను పట్టుకునేవాణ్ణి. నాకు తెలుగు, ఉర్దూ వచ్చింది అట్లానే. ఇప్పుడు నా చదువు ఆగకూడదని తన చదువు తగ్గించుకుంటున్నది, పిచ్చిది! రోజూ ఇనుప పట్టాలు మోసేవాడికి ఇరవై ఆరు అక్షరాలు బరువా?

దరఖాస్తు శనివారం టపాలో పోవాలి. ఈ గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపరు తిరగేసే పెద్దమనుషుల్లారా, నాకు ఆ భాష నేర్పేది ఎవరో శుక్రవారం పొద్దుగూకేలోపల నేను గోడకు అంటించిన ఈ కాగితం కిందే పేరు రాయండి. ఆ పేరు చూపించి మద్రాసును మళ్ళీ పైకెక్కిస్తాను.