ఎల్మెరి గారి ఇంటికి మూడో రంగు

ఎల్మెరి గారిది ఒకటే మొండితనం. ఎవరిచేతా ఊరికే పని చేయించుకోరు, ఎవరినీ ఊరికే చెయ్యనివ్వరు.

పక్కింటి హెల్వీ ఓసారి ఆయన మెట్ల మీద మంచు తీసిపెడితే కూలి ఇవ్వబోయారు.

"ఇరుగుపొరుగు అన్నాక ఈమాత్రం చెయ్యమా?" అంది.

"చెయ్యకూడదు. ఆ పని మీద బతికేవాడి నోట్లో మట్టి కొట్టినట్టే."

హెల్వీ పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మెట్ల వంక చూడలేదు.

హెల్సింకీలో ఖజానా శాఖలో పనిచేసి, భార్య పోయాక ఈ సరస్సు ఒడ్డు ఊరికి వచ్చేశారాయన. ఫిన్లాండ్ అంతా తొంభైల మాంద్యంలో ఉంది. ప్రభుత్వం ఖర్చు తగ్గించింది. ఊళ్ళో మరమ్మతులు ఆగిపోయాయి, పనులు పోయినవాళ్ళు కొనడం మానేస్తే బేకరీ మూతపడింది.

"ఒకడి ఖర్చే ఇంకొకడి జీతం తల్లీ. అందరూ భయపడి గుప్పిట మూస్తే సర్కారైనా తెరవాలి. అదీ మూసేస్తే ఇక పనెక్కడిది?" అనేవారు కనిపించినప్పుడల్లా.

"ఈ ఉపన్యాసానికీ డబ్బులివ్వాలా?" అనేది హెల్వీ.

"ఇస్తే మంచిదే."

వసంతంలో పడవల షెడ్డుకి రంగు వెయ్యడానికి ఊరంతా తల్కోకి కదిలింది. తల్కో అంటే తలా ఓ చెయ్యి వేసి, పని అయ్యాక బఠాణీ సూపు తాగడం. కుంచె మొదట పట్టింది హెల్వీయే. ఎల్మెరి గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"పెయింటరు రౌనో ఖాళీగా ఉన్నాడు. అతణ్ణి పెట్టుకోకూడదా?"

"ఊరి నిధుల్లో డబ్బుల్లేవండీ."

"అప్పు చేసైనా పని చూపించాల్సిన రోజులివి."

అందరూ గోడ వైపు తిరిగి రంగు వెయ్యసాగారు. ఆ తర్వాత ఆయన్ని కాఫీకి పిలవడం మానేశారు. మాట్లాడకపోవడమే మర్యాద అనుకునే ఊరు కాబట్టి, తనని వెలివేశారని తెలియడానికి ఆయనకి చాలా రోజులు పట్టింది.

ఆ వేసవిలో ఆయన ఇల్లు పసుపు రంగుకి మారింది. కొన్నాళ్ళకి ఎర్రబడింది. ఆగస్టులో ఆకుపచ్చ మొదలైంది. చాదస్తం ముదిరిందని ఊరు నవ్వుకుంది. రౌనో నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాక ఆయన ఒక్కరే మెట్ల మీద కూర్చుని రోడ్డు వంక చూస్తూ ఉండటం మాత్రం హెల్వీ కిటికీలోంచి చూసేది. చూసి కర్టెన్ వేసేసేది.

చివరికి రౌనోని కంచె దగ్గర పట్టుకుంది.

"మూడోసారా? ముసలాయన దగ్గర డబ్బు గుంజుకోడానికి సిగ్గులేదట్రా?"

"వద్దనే చెప్పానక్కా. రంగు నచ్చలేదంటాడు. ఈ ఏడాది నన్ను పిలిచింది ఆయనొక్కడే. లేకపోతే పని వెతుక్కుంటూ ఎప్పుడో స్వీడన్ పడవెక్కేవాణ్ణి."

"ఈ ఆకుపచ్చ అయిపోయాక?"

"ఎక్కడమే. ఆయన పింఛను మాత్రం ఎన్ని రంగులకి వస్తుంది? పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి వెళ్తా."

షెడ్డు గోడ మీద తను ఊరికే వేసిన రంగు గుర్తొచ్చి హెల్వీకి సిగ్గేసింది. సాయంత్రం, రౌనో ఇంకా నిచ్చెన మీద ఉండగానే, ఎల్మెరి గారి మెట్ల ముందు నిలబడింది.

"మా ఆవిరిస్నానాల సౌనా గదికి రంగు వేయించాలి. తర్వాత మా చెల్లెలి ఇంటికీను. రౌనోకి చెప్పండి."

"చెయ్యి తిరిగినదానివి, నువ్వే వేసుకోగలవుగా?"

"వేసుకోగలను. వెయ్యను."

 ఆయన మెట్టు మీద కొంచెం పక్కకి జరిగారు. రౌనో కూడా నిచ్చెన దిగి వచ్చాడు. ముగ్గురూ వరసగా కూర్చుని కాఫీ తాగారు, ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వేసవి మొత్తం మీద ఆయన ఇంట్లో అంత సందడి ఎప్పుడూ లేదు.