దక్షిణం వైపు ఆకాశం

మా చిన్నాన్న కొడుకు ఉపగ్రహాల ఆంటెన్నాలు తయారుచేసే కంపెనీ పెట్టినప్పుడు, పరీక్షలకు మా డాబా అడిగాడు. పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో మాకు మిగిలింది సగం ఇల్లు. మిగతా సగం తాతగారి హయాంలోనే చేతులు మారింది. అయినా ఈ సగానికి ఎన్నడూ కిరాయి బోర్డు వేలాడలేదు. తమ్ముడి దగ్గర కిరాయి ఏమిటని ఊరికే ఇచ్చాను.

అది గొడుగులాంటి డిష్ కాదు. క్యారమ్ బోర్డంత నల్లటి పలక. ఉన్నచోటి నుంచి కదలకుండానే, ఆకాశంలో పరుగెత్తే ఉపగ్రహాన్ని వెంబడిస్తుందన్నాడు. ఉపగ్రహం దిగంతం మీద తేలగానే పట్టుకోవాలి కాబట్టి దక్షిణం వైపు అడ్డు ఉండకూడదు. కొత్త సిటీలో ఎటు చూసినా అంతస్తులే. మా డాబా మీద నిలబడితే దక్షిణాన జహనుమా బస్తీ దాకా చూపు ఆగదు.

అడ్డు రాబోయేది ఒక్కటే. మా దక్షిణపు గోడకు ఆనుకున్న ఇంటి సేటు, పసుపూ కారమూ టోకున అమ్మే వ్యాపారి, పైన ఇంకో అంతస్తు లేపడానికి ఇటుకలు దింపించాడు. పెళ్ళైన కొడుక్కి గది కావాలి.

"నువ్వొక్క మాట జెప్తే ఆగుతడన్నా," అన్నాడు తమ్ముడు. "మన ఇంటి మాట ఆయన కాదనడు."

నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. నాన్నగారు జబ్బుపడ్డప్పుడు కూడా అడగలేదు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, కూర్చోమంటే కూర్చోకుండా, నిలబడే అడిగాను. సేటు నన్ను ముగించనివ్వలేదు. కబురు పెడితే సరిపోయేదిగా అని నొచ్చుకుని, మేస్త్రీని ఆపించాడు. గల్లీలో వెనక్కి నడుస్తుంటే, మా ఇంటి మాటకు ఇంకా విలువ ఉందని గట్టిగా అనిపించింది. ఆ సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేదు.

ఏడాది పాటు తమ్ముడు, అతని ఇంజనీర్లు మా మెట్లెక్కి దిగారు. ఒక సాయంత్రం ఆ పలక ఉపగ్రహాన్ని పట్టుకుని, అది అస్తమించేదాకా వదల్లేదు. తమ్ముడు నన్ను కావలించుకున్నాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళను ఇక్కడికే తీసుకొస్తానన్నాడు. అందుకు ఇంకొన్నాళ్ళు కావాలి. సేటును మళ్ళీ ఆగమనడం నాకు బరువుగానే ఉన్నా, ఆ సంగతి నేనే చెప్పాలని వెళ్ళాను.

"ఫికర్ జెయ్యకండ్రి సాబ్," అన్నాడాయన, గొంతు తగ్గించి. "మీరు అడగకముందే మీ తమ్ముడు వచ్చి అన్నీ చెప్పిండు. ఆయనిచ్చే డాబా కిరాయి మీదనే మీ ఇల్లు నడుస్తదట గదా. మా గది ఎక్కడికి పోతది? ముందు మీ పొయ్యి ఆరొద్దు."

ఆయన కళ్ళల్లో ఎగతాళి లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

తమ్ముణ్ణి పిలిచి అడిగాను. అతను తడబడలేదు. "గట్ల చెప్పకపోతే ఆగేటోడా అన్నా? ఈ కాలంల మాట మీద ఎవ్వడు ఆగుతడు? పాపమనిపిస్తే ఆగుతడు. ఇందుల నీకు పోయిందేంది?"

బయటివాడైతే తెలియక అన్నాడనుకునేవాణ్ణి. వీడు ఈ ఇంట్లోనే, నా పక్కనే కూర్చుని అన్నం తిన్నవాడు. నాకు పోయింది ఏమిటో వీడికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ పూటే పలకను దింపించేశాను. పెట్టుబడిదార్లు వచ్చి చూసేదాకానైనా ఉంచమని బతిమాలాడు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత సేటు దగ్గరికి వెళ్ళి, అంతస్తు కట్టుకోమన్నాను. నేను ఏనాడూ కిరాయి తీసుకోలేదని కూడా చెప్పాను. ఆయన నా ముఖం చూసి, చూపు దించుకున్నాడు.

"కిరాయి బంద్ చేసిండా?" అని అడిగాడు.

అసలు లేనేలేదని మళ్ళీ చెప్పాను. "అట్లనే సాబ్, తీసుకోలే," అన్నాడు, జ్వరంతో ఉన్నవాడి మాటకు తలూపినట్టు. "నేనైతే ఎవ్వరికీ చెప్పలే."

మర్నాడు పొద్దున ఆయన కోడలు, ఆ గది ఎవరికోసమో ఆ అమ్మాయి, పసుపు, ఎండుమిరప, చింతపండు మూటకట్టి తెచ్చి మా గుమ్మంలో నిలబడింది. మామయ్య పంపారంది. తిప్పి పంపితే, లేమిని దాచుకుంటున్నాననే ఆయన అనుకుంటాడు. రెండు చేతులూ చాచి అందుకున్నాను.