అవ్వ పొయ్యి ఆర్పిన శుక్రవారం

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యం మీద పోలీసు చర్య అయిన ఏడాది చలికాలంలో, ఒక శుక్రవారం సాయంత్రం సరిగ్గా దీపాలు పెట్టే వేళకు, మా అవ్వ, అంటే నాయినమ్మ, చెంబెడు నీళ్లు పోసి మండుతున్న పొయ్యిని ఆర్పేసింది. బుస్సుమని పొగ లేచింది. పక్కనే కూర్చున్న నా దిక్కు చూసి, "నువ్వేం జూడలే" అన్నది. చూశాను. మా అవ్వ పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఇప్పుడు చెప్పినా ఏమీ అనదు.

అప్పుడు మేము భువనగిరి బయట, గుట్ట కింద ఉండేవాళ్లం. మాది ఆ ఊరు కాదు. ఆ పేటలో ఎవరిదీ ఆ ఊరు కాదు. రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని జాగాలో ఎవరికి వాళ్లు వచ్చి తాటికమ్మల గుడిసెలు వేసుకున్నారు. రజాకార్లు ఇళ్లు తగలబెడితే వచ్చినవాళ్లు కొందరు. కమ్యూనిస్టు సంఘంలో తిరిగే కొడుకులను చూపించమని పోలీసులు కొడుతుంటే ఓర్వలేక వచ్చినవాళ్లు కొందరు. ఈ రెండింటి నడుమ సేద్యం పాడైపోయి, తిండికి లేక వచ్చినవాళ్లం మేము. మా నాయిన రైలు స్టేషన్‌లో మూటలు మోసేవాడు.

పెద్దవాళ్లకు అది దిక్కులేక వచ్చిన జాగా. మాకు, పిల్లలకు, అంత మంచి జాగా లేదు. వారం తిరిగేసరికి కొత్త గుడిసె లేచేది, అందులోంచి ఆడుకోవడానికి కొత్త పిల్లలు వచ్చేవాళ్లు. తల్లి కూలి నుంచి ఆలస్యంగా వస్తే ఆ పిల్లలు పక్క గుడిసెలో తినేవాళ్లు. తిట్లు కూడా అంతే. ఎవరి పిల్లలనైనా ఎవరైనా తిట్టేవాళ్లు. నన్ను అందరూ తిట్టారు.

పేటకు ఒక పద్ధతి ఉండేది. ఎవరినీ పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు. ఎవరి తమ్ముడు అడవిలో ఉన్నాడో, ఎవరి కోసం ఎవరు వెతుకుతున్నారో ఎవరికి తెలుసు? పిల్లల నోటికి ఒక పేరు అలవాటైతే అది ఎక్కడో ఒకచోట జారిపడుతుంది. అందుకని వరసలు పెట్టుకున్నాం. పక్క గుడిసె ఆమె నాకు పెద్దమ్మ. ఎదురు గుడిసె ఆయన చిన్నాయిన. మా అవ్వ పేటకంతా అవ్వ.

అవ్వ పొయ్యి ఆర్పిన ఆ వారంలోనే ఒకామె వచ్చింది. నెత్తిన మూట, భుజాన దూది ఏకే విల్లు, వెనక కొంగు పట్టుకొని నా ఈడు పిల్ల. విల్లు చూస్తేనే తెలిసిపోయింది, దూదేకుల వాళ్లు, ముసల్మానులు. అడగకూడదన్న పేటలో ఆమెను అడగాల్సిన అవసరమే లేకపోయింది. భర్త ఏమయ్యాడో ఆమె చెప్పలేదు. పోలీసు చర్య తర్వాత ఊళ్లలో ముసల్మానుల మీద ఏమేం జరిగాయో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. పేట చివర నాలుగు కమ్మలు కప్పుకొని, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొని కూర్చుంది. ఎవరూ ఆమె దిక్కు పోలేదు. ఆ పిల్లతో ఆడుకోవద్దని మాకు చెప్పారు.

శుక్రవారం మధ్యాహ్నం మా గుడిసె ముందర మాటలు నడిచాయి. పెద్దమ్మ ఇల్లు రజాకార్లు కాల్చారు. ఆ మంటల్లోనే ఆమె చిన్న కొడుకు పోయాడు.

"మా ఇల్లు కాలవెట్టినోళ్ల మనిషి. నా కండ్ల ముంగట పొయ్యి రాజేసుకుంటాంటే నేనెట్ల జూడాలె?" అన్నది పెద్దమ్మ.

"గామె కాలవెట్టిందానే?" అన్నది మా అవ్వ.

"గామె గాకుంటే గామె తోడోళ్లు."

చిన్నాయిన మెత్తటి మనిషే. కానీ పెద్దమ్మ ఏడుపు ఆయన విన్నాడు. "రేపు పొద్దుగాల నేనే జెప్త. లొల్లి ఏం జెయ్య. ఇంకో దిక్కు జూసుకోరాదమ్మా అని మంచిగనే జెప్త" అన్నాడు.

మా అవ్వ ఇంకేమీ అనలేదు. ఆమె నోరు మూసుకున్నదంటే ఏదో చేయబోతున్నదని మా నాయినకు తెలుసు. ఆయన మెల్లగా లేచి బయటికి పోయాడు. ఆ తల్లీపిల్లలు ఇంకెక్కడికి పోతారన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. మేము పోవడానికి జాగా లేకనే అక్కడికి వచ్చినవాళ్లం.

ఇక్కడ నిప్పు సంగతి చెప్పాలి. అగ్గిపెట్టె అప్పుడు అందరి ఇంట్లో ఉండేది కాదు. పొయ్యి ఆరితే కుండ పెంకు పట్టుకొని పక్కింటికి పోయి, రెండు నిప్పులు అడిగి తెచ్చుకొని పిడక మీద రాజేసుకునేవాళ్లం. వరస కలవనివాళ్ల ఇంట్లో నిప్పు అడగరు. ఇంకొకటి, శుక్రవారం దీపాలు పెట్టే వేళ ఎవరూ నిప్పు ఇవ్వరు. ఇంట్లో లక్ష్మి పోతుందని భయం. మా పేటలో ఏ ఇంట్లోనూ పోవడానికి లక్ష్మి లేదు. అయినా ఇవ్వరు.

పొయ్యి ఆర్పి అవ్వ నా చేతికి పెంకు ఇచ్చింది. ముందు పెద్దమ్మను అడుగు, తర్వాత చిన్నాయినను అడుగు, అందరికీ వినబడేటట్టు అడుగు అన్నది. అడిగాను. "శుక్రారం పూట నిప్పు అడుగుతరే? మీ అవ్వకు మతి పోయిందా?" అని పెద్దమ్మ కసిరింది. చిన్నాయిన, "తప్పుపట్టకు బిడ్డా, ఇయ్యరాదు" అన్నాడు. పెంకు ఊపుకుంటూ తిరిగి వస్తే అవ్వ పేటంతా వినబడేలాగ, "అయితె చివరింటికి పో, అత్తను అడుగు" అన్నది. ఆ కొత్తామె నాకు అత్త అయిందని అట్లా తెలిసింది.

అవ్వ ఎత్తు నాకు పెద్దయినంక అర్థమైంది. ఈ పట్టింపు ఆమెకు ఉండదు, అడిగితే నిప్పు ఇస్తుంది, ఆమె నిప్పుతో మా పొయ్యి వెలిగితే ఇక ఆమెను పొమ్మనడానికి ఎవరికీ నోరు రాదు. అదీ అవ్వ ఆలోచన.

నేను పోయి పెంకు చాపాను. "అత్తా, అవ్వ నిప్పు తెమ్మన్నది."

ఆమె పెంకు దిక్కు చూసింది. అత్త అన్నందుకో ఏమో, నా మొహం దిక్కు మళ్లీ చూసింది. తర్వాత, "శుక్రారం గద బిడ్డా. దీపాలు వెట్టే యాల ఇంట్ల నిప్పు బయటికెట్ల పంపుత? మీ దిక్కు గీ పట్టింపు లేదా?" అన్నది.

నేను బిత్తరపోయాను. ఆమె కూడా మాలాంటి ఊరిలోనే పుట్టి పెరిగిందని, మాకున్న భయాలే ఆమెకూ ఉంటాయని మా అవ్వకు కూడా తట్టలేదు. నేను వెనక్కు తిరగబోతుంటే ఆమె మళ్లీ పిలిచింది.

"నిప్పు బయటికి రాదు గని, కుండ లోపల్కి రావొచ్చు గద. అవ్వకు నడుస్తదంటె మా పొయ్యి మీదనే వండుకొమ్మను."

వెనక నుంచి ఆ పిల్ల గబుక్కున తన పేరు చెప్పింది. నేను అడగలేదు. ఆ పేటలో నాకు ఎవరైనా చెప్పిన మొదటి పేరు అదే. "నీదేంది?" అన్నది. అటూ ఇటూ చూసి నేనూ చెప్పేశాను.

ఉరికి వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ మొహం చూడాలి. తన ఎత్తు తనకే తిరగబడింది. "ఓసి దీని, మనకంటె ఎక్కువ పద్ధతిదున్నది గదే" అని నడుం పట్టుకొని నవ్వింది. నవ్వి, జొన్నరవ్వ ఉడికించే గట్క కుండను చంకన పెట్టుకొని పేట నడుమ నుంచి నడిచింది.

"యాడికవ్వా కుండ వట్టుకొని?" అన్నాడు చిన్నాయిన.

"వండుకోనీకి. మీరెవరన్న నిప్పిస్తిరా?"

"శుక్రారం గదవ్వా."

"ఆమె గూడ గదే అన్నది. శుక్రారం నిప్పియ్యనన్నది."

గడపలో నిలబడ్డ పెద్దమ్మ, "ఏమన్నదీ?" అని అడిగింది. అవ్వ మళ్లీ చెప్పింది. పెద్దమ్మ గడప దిగింది.

అవ్వ కుండ ఆ మూడు రాళ్ల మీద ఎక్కింది. గాలి ఎదురు తిరిగి పొగంతా లోపలికి కొడుతున్నది. అందరం దగ్గుతున్నాం. మా నాయిన కూడా వచ్చి దూరంగా కూర్చున్నాడు. కొంతసేపటికి చూస్తే పెద్దమ్మ, ఆమె వెనక చిన్నాయిన, పది అడుగుల అవతల నిలబడి ఉన్నారు.

"గా రాయి గట్ల వెడితె పొగంత పిల్ల మొకాన్నే కొడ్తది" అన్నది పెద్దమ్మ.

ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆమే వచ్చి, గొంతుకూర్చొని, కొంగు చేతికి చుట్టుకొని, కాలుతున్న రాయిని పక్కకు జరిపింది. పొగ తిరిగిపోయింది. ఆమె వెంటనే లేవలేదు. చేతులు రెండూ మంట దిక్కు చాపి అట్లాగే కూర్చుంది. కండ్ల నీళ్లు కారుతున్నాయి. పొగ అప్పటికే పోయింది. దూదేకుల అత్త గట్క కలిపే కట్టె ఆమె చేతికి ఇచ్చింది. పెద్దమ్మ తీసుకొని కలిపింది.

తెల్లవారి చిన్నాయిన చెప్పడానికి పోయాడు, పోయి వచ్చాడు. "ఏమన్నవ్?" అని అవ్వ అడిగితే, "బొంతల దూది గట్టివడ్డది, ఏకుతవా అని అడిగిన" అన్నాడు.

ఇప్పుడు ఆ జాగాలోనే ఉన్నాను. గుడిసెలు పోయి పెంకుటిళ్లు, అవి పోయి మేడలు వచ్చాయి. పొద్దున బడి బస్సులు వరసగా ఆగుతాయి, సాయంత్రం పార్కు నిండా పిల్లలే. నెల తిరక్కముందే పై అంతస్తుల్లోకి ఎక్కడెక్కడి వాళ్లో సామాను లారీలతో దిగుతారు. కొత్తవాళ్లు వచ్చిన రెండో రోజు నేను గిన్నె పట్టుకొని మెట్లు ఎక్కుతాను, పాలలోకి తోడు ఇయ్యమని. "ఇంట్ల ఫ్రిజ్ నిండ పెరుగున్నది, నా ఇజ్జత్ తీస్తున్నవ్ అత్తమ్మా" అని మా కోడలు కోప్పడుతుంది. కోప్పడనీ. ఏదైనా తీసుకుపోయి ఇస్తే వాళ్లు థ్యాంక్స్ అని తలుపు వేసుకుంటారు. అడిగితే లోపలికి రమ్మంటారు. ఇంతవరకు ఒక్కరూ లేదనలేదు. శుక్రవారం సాయంత్రం మాత్రం పోను.

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టినంక. పలక మీద నా పేరు వచ్చిన తర్వాత, టీచరమ్మ ఇంకేం రాస్తావని అడిగితే, ఆ రోజు ఆ పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు రాయించమన్నాను. పేర్లన్నీ తర్వాత తర్వాత, భయాలు పోయినంక తెలిశాయి. ఇప్పుడు చెబితే ఎవరికీ ముప్పు లేదు. మా అవ్వ రామవ్వ. మా నాయిన నర్సయ్య. చిన్నాయిన పోచయ్య. పెద్దమ్మ ఎల్లమ్మ. మంటల్లో పోయిన ఆమె కొడుకు మల్లేశు, వాడు ఎప్పుడూ తన వెంటే ఉన్నాడని ఆమె చెప్పేది కాబట్టి వాడి పేరూ రాయించాను. దూదేకుల అత్త ఇమాంబీ. అడగకముందే పేరు చెప్పిన ఆ పిల్ల మౌలాబీ. నేను సత్తెమ్మ.