పట్టీలో నేను చేర్చిన ఊరు

మొన్న ఆదివారం మా మనవరాలు, భర్తతో కలిసి కారులో అరకు వెళ్తూ, దారిలో ఆగి చూడదగ్గ చోట్లు రాసిమ్మని కాగితమూ కలమూ తెచ్చి నా ముందు పెట్టింది. టైడా, అనంతగిరి అని రాసి, టైడాలో మాత్రం పొద్దెక్కకముందే ఆగమని, మంచు విడిపోతుంటే చూడాలని చెప్పి కలం మూసేశాను. ఇంతేనా అంది. ఆ దారి మైలు మైలూ ఎరిగినదాన్నే, అయినా అంతకుమించి రాయడానికి చెయ్యి రాలేదు.

1927 ఫిబ్రవరి, నాకప్పుడు పదకొండేళ్లు. నాన్నగారు కచేరీలో గుమాస్తా. చలికాలంలో కొండలెక్కే దొరలు ఎక్కడెక్కడ మకాం వెయ్యవచ్చో, నీళ్లూ నీడా వేడుకైన చోట్లూ ఏవో మైళ్లతో సహా పట్టీ రాసుకురమ్మని ఆయన్ని పంపితే, అమ్మ పురిటికి వెళ్లి ఉండటంతో నన్నూ బండిలో ఎక్కించుకున్నారు. మైళ్లు లెక్కపెట్టడం నా పని. చక్రం చుట్టుకొలత పదహారు అడుగులు. దాని ఆకుకొయ్యకు కట్టిన ఎర్రగుడ్డ మూడువందల ముప్పైసార్లు పైకొస్తే ఒక మైలు. ఒక్క చుట్టు తప్పినా నాకు అన్నం సయించేది కాదు.

అనంతగిరి దాటాక ఒక జలపాతం, దాని పక్కన పద్నాలుగు గడపల ఊరు. అక్కడొక ముసలమ్మ ఆనపబుర్రలో నాకు చోడి అంబలి పోసి, నాన్నగారు ఏం రాస్తున్నారో అడిగి తెలుసుకుంది. వెట్టి అంటే ఏమిటో మన ఈడువారికి చెప్పనక్కర్లేదు. మకాం పడిన ఊరివాళ్లే దొరల డేరాలూ మంచాలూ తరువాతి మకాందాకా కూలి లేకుండా మొయ్యాలి, కోళ్లూ గుడ్లూ ఇచ్చుకోవాలి.

"మా ఊరు రాయొద్దు బాబూ. మగోలంతా కావిళ్లెత్తితే పోడు ఎవులు నరుకుతారు, ఇత్తనాలు ఎవులు సల్లుతారు?" అంది.

నాన్నగారు కాగితాలు మడిచి బండెక్కారు.

ఇంటికొచ్చాక, నా దస్తూరి బాగుంటుందని పట్టీ శుభ్రంగా ఎత్తిరాయమన్నారు. అందులో ఆ ఊరు లేదు. మిగతా మకాములన్నీ ఏడెనిమిది మైళ్లకొకటి ఉంటే, అక్కడ మాత్రం పదిహేను మైళ్లు ఖాళీ. ఆయన మరిచిపోయారనుకున్నానని ఇన్నేళ్లూ చెప్పుకొచ్చాను కాని, మరిచిపోలేదని నాకు తెలుసు. వరస కుదరలేదని ఊరి పేరు చేర్చి, పక్కన 'జలపాతం, బహు రమ్యం' అని రాశాను. నాన్నగారు చదవకుండానే సంతకం పెట్టారు.

రెండేళ్లకు మళ్లీ ఆ దారిన వెళ్లాం. గోడలున్నాయి, కప్పులు లేవు, పొయ్యిరాళ్ల మధ్య గడ్డి మొలిచింది. మొదటి చలికాలంలోనే నాలుగు మకాములు పడ్డాయని, అందులో రెండు సరిగ్గా పోడు నరికే రోజుల్లో పడ్డాయని, మరుసటేడు తిండిగింజ లేక అందరూ కొండ దాటి ఒరియా వైపు పోయారని, ముసలమ్మ దారిలోనే పోయిందని బండివాడు చెప్పాడు. నాన్నగారు నావైపు చూడకుండా, "ఆ ఊరు కావాలనే వదిలేశానమ్మా" అన్నారు. నాకు తెలుసునని నేను చెప్పలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కిందటేడు బస్సులో వెళ్తూ ఆ జలపాతం దగ్గర దిగాను. దొరలు పోయారు, వెట్టి పోయింది, తారురోడ్డు పడింది, ఎవరి సామాను వాళ్లే మోసుకుంటున్నారు. అంతా మంచికే. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతున్న ఒక కొండపిల్లను, ఇక్కడి ఊరు ఏ పక్కన ఉండేదమ్మా అని అడిగాను.

"ఇక్కడ ఊరేటి మామ్మా, ఎప్పుడూ నేదు," అంది పొత్తు తిప్పుతూ.

పద్నాలుగు గడపలుండేవని చెప్పబోయి ఊరుకున్నాను. నమ్మడానికి ఆ పిల్లకు నా లెక్క తప్ప వేరే ఆధారం లేదు.