కారులోంచి ఇంట్లోకి

మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఎవరో తమ కారుకు పడిన సొట్ట తీయించుకుంటున్నారు. ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు దగ్గర నిలబడితే లప్పం, తిన్నరు, తడిపిన గరుకు కాగితం కింద అరిగే రంగు, అన్నీ కలిసిన వాసన వచ్చి ముఖానికి తగిలింది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, నేను ఎక్కలేదు. ఇంకెవరికైనా అది తలనొప్పి తెప్పించే వాసనే. నాకు మాత్రం చిన్నప్పుడు అన్నంలోనూ, దుప్పట్లలోనూ, బడి పుస్తకాల్లోనూ, అమ్మ కొంగులోనూ ఉన్న వాసన అదే.

అప్పుడు మేము బోరబండలో ఉండేవాళ్ళం. మా నాయిన యాదయ్య పాలమూరు దిక్కు నుంచి పెళ్ళికి ముందే పట్నం వచ్చి, మూసాపేటలో ఒక షెడ్డులో డెంటింగ్ పని నేర్చుకున్నాడు. గుద్దుకుని నుజ్జయిన కార్ల రేకును చిన్న సుత్తితో తట్టి తట్టి, అరచేత్తో తడిమి చూసుకుంటూ, మళ్ళీ నున్నగా చేసేవాడు. మా ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు, వాటి ముందు పొడుగాటి వాకిలి. గల్లీలోంచి గేటు తీసుకుని వాకిలి దాటితే గడప. వాకిలికి ఎడమవైపు పక్కింటి గోడ ఉండేది, కుడివైపు ఏమీ ఉండేది కాదు. అటు చూస్తే రైలు పట్టాల దాకా బండలూ, తుప్పలూ, ఖాళీ జాగా. వానాకాలం ఆ బండల గుంటల్లో నీళ్ళు నిలిచి కప్పలు అరిచేవి. వానలు తగ్గాక తంగేడు పూసేది, ఆ పూలు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చి, రాత్రికి మలీద ముద్దలు తినేవాళ్ళం. కుంటుడు బిళ్ళ గీతలు ఒకసారి బండ మీద గీస్తే వాన పడేదాకా అలాగే ఉండేవి. దూరంగా గుట్ట వెనక అప్పుడప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి. సాయంత్రం ఎండ వాటి మీద పడి మా గోడల మీదికి తిరిగి వచ్చేది. దాన్ని చూసి మా అవ్వ, అంటే నాయిన వాళ్ళ అమ్మ, రెండుసార్లు పొద్దు గూకే ఊరు ఇదొక్కటేనని పొగాకు నములుతూ నవ్వేది.

ఆ మేడల కోసం పడగొడుతున్న ఒక పాత బంగళాలోనే నాయినకు ఆ కారు దొరికింది. ఇంపాలా, పాతకాలపు అమెరికా కారు. బంగళావాళ్ళు ఎప్పుడో వదిలేసి పోయిన రేకుల షెడ్డులో, టైర్లు లేక నేల మీద కూర్చుని, పైకప్పు మీద కోళ్ళు పెట్టిన రెట్టలతో, తుక్కువాడు వచ్చి కోసుకుపోవడానికి సిద్ధంగా ఉందట. పాత ఇనుము ధర ఇచ్చి నాయిన కొన్నాడు. లారీలో వేసుకుని, బండల జాగా మీదుగా తెచ్చి, షెడ్డులో అడిగి తెచ్చిన చక్రాలు తగిలించి, బస్తీ మగవాళ్ళందరూ కలిసి తోస్తే మా వాకిట్లో, గేటుకూ గడపకూ నడుమ, ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా వచ్చి ఆగింది. మా ఇంటి గది కంటే అది పొడుగు. వెనక ఆరు గుండ్రటి ఎర్ర దీపాలు, అందులో రెండు పగిలి ఉన్నాయి. ముందు సీటు మంచంలా ఒకటే పొడుగు బల్ల. గేరు స్టీరింగు పక్కనే ఉండేది. అమ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసి, దీన్ని ఎన్ని రోజులు పెట్టుకుంటావని అడిగింది. బాగు చేసేదాకా అన్నాడు నాయిన.

బాగు చేయడమంటే ఏమిటో అప్పటికి మాకెవరికీ తెలియదు. షెడ్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తినకముందే వాకిట్లో బల్బు వేసుకుని కూర్చునేవాడు. తుప్పు తిన్న చోట కోసేసి కొత్త రేకు అతికేవాడు. లప్పం పెట్టి రుద్ది, మళ్ళీ పెట్టి మళ్ళీ రుద్దేవాడు. నేను నీళ్ళ మగ్గు పట్టుకుని పక్కన కూర్చుని, గరుకు కాగితం మీద చుక్కచుక్కగా పోసేదాన్ని. నెలల తరబడి రుద్దితే ఒక తలుపు తేలింది. అడుగున దొరికిన అసలు రంగు లేత నీలం. ఆ రంగే కలిపించి తెచ్చాడు. ఇంజను మాత్రం విప్పి షెడ్డుకు తీసుకుపోయాడు. దాని లోపలి సామాన్లు ఎక్కడా దొరకక అది అక్కడే మూలన పడి ఉండేది. ఇటుకల మీద నిలబడ్డ కారు పండుగకు ముస్తాబైనట్టు మెరుస్తూ ఉంటే, ముందు మూత ఎత్తి చూస్తే లోపల ఖాళీగా, నేల కనబడేది.

ఈలోగా బండల జాగా ప్లాట్లయింది. మా పక్క ప్లాటు కొనుక్కుని సుగుణ సిస్టర్ వచ్చింది. గుంటూరు దిక్కు మనిషి, దవాఖానలో నర్సు, వాళ్ళ అమ్మతో ఉండేది. క్రిస్మస్‌కు గులాబీ పువ్వుల్లాంటి పిండివంట డబ్బా నిండా పంపేది, నాకు జ్వరం వస్తే డ్యూటీ చీరలోనే వచ్చి నుదురు పట్టుకుని చూసేది. ఆమె ఇల్లు మా వైపు కాస్త జాగా వదిలి కట్టుకుంది. గేటు ముందు గల్లీలో కారు పట్టదు, అది బయటికి పోవడానికి మిగిలిన దారి ఆ జాగా ఒక్కటే. మేమూ కారు తోక చుట్టూ తిరిగి, ఆ జాగాలోంచే ఇంట్లోకి వచ్చేవాళ్ళం.

రెండేళ్ళకు ఆమె పైన గదులు వేసింది. అద్దాల మేడల్లో ఉద్యోగాలకు వచ్చిన ఆడపిల్లలు కిరాయికి గదుల కోసం బస్తీ అంతా తిరుగుతున్న రోజులవి. మెట్లకు ఆ వదిలిన జాగా తప్ప వేరే చోటు లేదు. ఒకరోజు ఆమె వచ్చి కారు వెనక నిలబడింది.

“అన్నయ్యగారూ, మెట్లు ఇటు పెట్టుకోమంటారా? మీ కారుకు దారి ఉండదేమోనండి. మీరు వద్దంటే మానేస్తాను.”

నాయిన ఇటుకల మీద ఉన్న కారును చూశాడు. దాని ఖాళీ కడుపును చూశాడు.

“పెట్టుకోండ్రి సిస్టరమ్మా. ఇంజనే లేదు, ఇది ఏడికి పోతది. మాకు తొవ్వ ఫికర్ లేదు, నాలుగు తలుపులున్నయి కద, అందులకెల్లే ఇంట్లకు పోతం.”

నవ్వుతూ అన్నాడు. సిస్టర్ కూడా నవ్వింది. వంటింట్లో అమ్మ నవ్వలేదు.

అలా మేము కారులోంచి ఇంట్లోకి పోవడం మొదలైంది. గేటు తీసి, ఇటు తలుపు తెరిచి, వంగి, సీటు మీద జరుగుతూ పోయి, అటు తలుపు తెరిచి గడప మీద కాలు పెట్టాలి. బడి సంచీ ముందు, నేను వెనక. సీట్లకు కొత్త రెగ్జిను కుట్టించాక కాళ్ళు తుడుచుకోకుండా ఎక్కనిచ్చేవాడు కాదు. గ్యాసు బండ గోనెసంచి మీద పెట్టి లాగేవాళ్ళం. చుట్టాలు వస్తే మొదట ముచ్చటపడేవాళ్ళు, చీరలు నలిగాక రావడం తగ్గించారు. మోటరెక్కి సొంతింట్లకు పోవుడేందని అవ్వ గొణుగుతూ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని అటువైపు దిగేది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మకు వంగడం చేతకాలేదు. నెలలు నిండుతున్న కొద్దీ ఆమె బయటికి రావడం మానేసింది. అద్దాల్లోంచి గేటు దాకా చూసేది, అంతే. కాన్పుకు ముందే అమ్మమ్మ ఊరికి పోయి, అక్కడ వాకిట్లో రోజంతా ఊరికే అటూ ఇటూ నడుస్తూ ఉండేదని అమ్మమ్మ చెప్పేది.

ఇంజను బాగవుతుందని నాయిన కూడా అనుకోలేదు. కానీ షెడ్డు యజమాని ఎక్కడినుంచో అదే రకం పాత ఇంజను ఒకటి తెప్పించాడు. రెండూ విప్పి ఒకటి చేశారు. ముక్కలుగా గల్లీలోంచి మోసుకొచ్చి, వాకిట్లో మూడు కర్రలు పాతి చైను కప్పీతో దించారు. ఇటుకలు తీసేసి టైర్లు కూడా వేశారు. ఒక ఆదివారం పొద్దున అది మొదటిసారి స్టార్టయింది. పెద్ద చప్పుడేమీ లేదు, ఎవరో గొంతు లోపలే పాడుకుంటున్నట్టు ఉంది. చర్చికి బయలుదేరిన సిస్టర్ మెట్ల మీదే ఆగిపోయింది. పిల్లలం ఎగిరాం. నాయిన దిగలేదు, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

“మంచిగనే అయింది బిడ్డా,” అన్నది అవ్వ గడపలోంచి. “ఇగ ఏడికెల్లి తీస్తవ్?”

సిస్టర్ తను నిలబడ్డ మెట్టు వైపు చూసుకుని గబగబా దిగిపోయింది. నాయిన తాళం తిప్పి ఇంజను ఆపాడు.

ఆ తరువాత ప్రతి ఆదివారం దాన్ని స్టార్టు చేసి, జానెడు ముందుకూ జానెడు వెనక్కూ కదిపేవాడు. నేను వెనక సీట్లో చదువుకునేదాన్ని. తమ్ముడిని ఒళ్ళో పెట్టుకుని ఏడికి పోదామని అడిగేవాడు, వాడు ఊళ్ళ పేర్లు చెప్పేవాడు, నాయిన గేరు వేసి, నోటితోనే హారన్ కొట్టి, వచ్చినం దిగమనేవాడు. తమ్ముడు నిజంగానే దిగి, అదే వాకిలిని కొత్తగా చూసేవాడు. నాకు అప్పటికి ఆ ఆట చూస్తే ఏడుపు వచ్చేది.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా, ముసురు పట్టిన ఒక పొద్దున అవ్వ చాప మీది నుంచి లేవలేదు. మూతి ఒక పక్కకు పోయింది, ఒక చెయ్యి పడిపోయింది. సిస్టర్ పరుగున కారులోంచి వచ్చి చూసి, వెంటనే తీసుకుపోవాలంది. అంబులెన్సు మెయిన్ రోడ్డు మీదే ఆగింది. స్ట్రెచర్ గేటు దాకా వచ్చింది, లోపలికి రాలేదు. నాయిన వెనక సీట్లోకి వెనక్కి వెనక్కి ఎక్కుతూ అవ్వ చంకల కింద చేతులు వేసి లాగాడు, సిస్టర్ కాళ్ళు పట్టింది. నడుమ అవ్వ చీర అద్దం తిప్పే పిడికి చుట్టుకుని ఆమె ఆగిపోయింది. నాయినకు వెనక్కి పోవడానికి లేదు, సిస్టర్‌కు ముందుకు రావడానికి లేదు. అవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ నీలం కప్పు కింద, అంత మెత్తటి సీటు మీద, మాట రాక, కొడుకు ముఖంలోకే చూస్తూ ఉంది. అమ్మ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి, గడప వైపు తలుపులోంచి వంగి ఆ చీరను కోసింది.

అవ్వ బతికింది. మూడు వారాలకు ఇంటికి తెచ్చినప్పుడు మళ్ళీ అలాగే లాగి తెచ్చాం. ఆ మరునాడు పొయ్యి దగ్గర కూర్చుని అమ్మ మెల్లగా అన్నది.

“ఇన్నేండ్లల్ల నీ కారును ఒక్క మాట అనలేదు. మనిషి పోనీకె తొవ్వ లేని ఇంట్ల నేనుండ.”

నాయిన అన్నం ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాడు. ఆ సాయంత్రమే సిస్టర్ వచ్చి మెట్లు పడగొట్టించేస్తానంది. పైన అప్పటికి నలుగురు ఆడపిల్లలు కిరాయికి ఉన్నారు, వాళ్ళకు దిగడానికి అవే మెట్లు. నాయిన ఒప్పుకోలేదు. పెట్టుకోమన్నది తనేనని, ఇప్పుడు తీయమనడానికి తనకు నోరు రాదని చెప్పాడు.

షెడ్డు యజమానే ఒకాయనను తీసుకొచ్చాడు. హైటెక్ సిటీ దిక్కున విల్లా, పాత కార్లంటే ప్రాణం. ఆయన మా కారు ఒక తలుపులోంచి ఎక్కి, సీటు మీద జరిగి, అటు తలుపు దిగి, మా గదిని చూసి, కారు తాను కొనుక్కుంటానని, తీయడానికి క్రేన్ తెప్పిస్తానని అన్నాడు.

వచ్చిన క్రేన్ మేడలు కట్టే చోట పనిచేసేది. మెయిన్ రోడ్డు మీద నిలబడి రెండు వరసల ఇళ్ళ మీదుగా చెయ్యి చాచింది. బస్తీకి కరెంటు తీసేశారు. డాబాల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. నాయిన స్వయంగా కారు కింద పట్టీలు కట్టి, పాత దుప్పట్లు దూర్చి, పక్కకు జరిగాడు. అది ఒక్క కుదుపుతో నేల వదిలింది. మెల్లగా పైకి, మా రేకులు దాటి, సిస్టర్ మెట్లు దాటి, నీళ్ళ ట్యాంకులు దాటి పోయింది. ఎవరూ చూడని అడుగుభాగానికి కూడా నాయిన రంగు వేశాడని నాకు అప్పుడే తెలిసింది. మంచం మీది నుంచి అవ్వ పైకి చూడలేదు. గడపలోంచి నేరుగా కనబడుతున్న గేటును చూస్తూ ఉంది.

రోడ్డు మీద ఆ పెద్దమనిషి తాళాలు నాయిన చేతిలోనే పెట్టి, మీరే తీసుకురండి అన్నాడు. అవ్వ దగ్గర సిస్టర్ కూర్చుంది. అమ్మ ముందు సీట్లో, కిటికీ పక్కన, ఎక్కడికీ జరగక్కర్లేకుండా కూర్చుంది. నేనూ తమ్ముడూ వెనక ఎక్కాం. బోరబండ దాటి, గుట్ట మలుపు తిరిగి, అద్దాల మేడల మధ్యకు వచ్చేసరికి క్యాబులూ బస్సులూ చుట్టుముట్టి బండి ఆగిపోయింది. ముందుకు లేదు, వెనక్కి లేదు. పక్క బండ్లలోంచి అందరూ ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తున్నారు. నాయిన మాత్రం చెవి ఒకటి ఇంజను వైపు పెట్టి, చెయ్యి తలుపు మీద వేసి, ఏ తొందరా లేకుండా ఉన్నాడు. దారి తెరుచుకున్నాక కూడా ఒక క్షణం కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు కొడితే అమ్మ అతని మోచేతిని తట్టి, ఇగ పోనియ్యి అన్నది.

తిరిగి బస్సులో వచ్చాం. గేటు తీశాక నలుగురమూ ఒకేసారి వంగాం. వంగి, నిటారుగా లేచి, ఎవరి ముఖం ఎవరమూ చూసుకోకుండా నడిచి ఇంట్లోకి పోయాం.

ఆ ఏడాది మాకు వాకిలి ఉంది. అమ్మ తెల్లారి కల్లాపి చల్లి, గోడ నుంచి గోడ దాకా ముగ్గు పెట్టేది. అవ్వ మంచం బయట వేస్తే గల్లీలో పోయేవాళ్ళు పలకరించేవాళ్ళు. ఎండాకాలం అమ్మ గోనెపట్టాలు పరిచి మిరపకాయలు పోసింది. వాకిలంతా ఎరుపు, ఆ ఘాటుకు తమ్ముడు తుమ్ములు. మరుసటి ఏడు నాకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. బస్తీలో అందరూ చేసిందే నాయినా చేశాడు. వాకిట్లో గోడలు లేపి రెండు గదులు వేసి, సెక్యూరిటీ పనికి వచ్చిన కుర్రాళ్ళకు కిరాయికి ఇచ్చాడు. మాకు మిగిలింది ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. అమ్మ ఈసారి ఏమీ అనలేదు. ఆమె ఊరుకున్నది ఎవరి కోసమో నాకు తెలుసు. నాలుగేళ్ళు ఆ సందులోంచే కాలేజీకి పోయాను, దాని పుణ్యాన వచ్చిన ఉద్యోగంలోనే ఇంకా ఉన్నాను.

అవ్వ పోయింది. సిస్టర్ ఇల్లు అమ్మి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. బండల జాగా ఎక్కడుండేదో ఇప్పుడు నేనే చూపించలేను. కారు ఎవరి చేతిలో ఉందో మాకు తెలియదు, నాయిన ఎప్పుడూ అడగడు. అమ్మా నాయినా ఇప్పుడు ప్రగతి నగర్‌లో నాతోనే ఉంటున్నారు.

ఆ సాయంత్రం సెల్లారు నుంచి పైకి వచ్చి, వాసన సంగతి చెప్పి, బోరబండ ఇల్లు నీకు యాదికొస్తదా అని అమ్మను అడిగాను. నాయిన టీవీ చప్పుడు తగ్గించాడు. అమ్మ ఒలుస్తున్న వెల్లుల్లి రెబ్బను గిన్నెలో వేసింది. కారు ఊసు ఎత్తలేదు.

“ఆ ఒక్క ఏడు మిరపకాయలు మంచిగ ఎండినయి,” అన్నది.