పంచలో పలక

ఏబేలు బతుకంతా మార్కాపురం పలకల ఫ్యాక్టరీలోనే గడిచింది గానీ, పలక మీద రాసే చదువు మాత్రం ఆయనకు అబ్బలేదు. కూతురు షారోను బ్యాంకు పరీక్షకు చదవడం మొదలుపెట్టాక, మూల విరిగిన పలక ఒకటి తెచ్చి పంచలో మేకుకు తగిలించాడు. రోజూ పొద్దున ఆమె దాని మీద ఒక ఇంగ్లీషు మాట రాయాలి. ఆయన మంచం మీద కూర్చుని, "ఏందమ్మా దీని అర్థం? యాడ పుట్టింది?" అని అడిగేవాడు. చెప్పాక లేచి, ఆ అక్షరాలు చూసి కిందనే బలపంతో వంకరటింకరగా దిద్దేవాడు.

ఆయన్ను సమాధి చేసిన మూడో రోజు, ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు, "కన్నీటి చుక్క రాలేదు, ఏం పిల్లో ఏమో" అని గొణుక్కున్నారు. ఏడవనిదాన్ని చూస్తే ఊరికి ముద్ద దిగదు. షారోనుకు ఆ మాటలేవీ తాకలేదు.

పరీక్ష కోసం రోజుకో ఇంగ్లీషు మాట పంపే ఫోను ఆ రోజు మాట చూపించింది: స్టోయిక్. బాధను బయటపడనివ్వని మనిషి. పూర్వం గ్రీకు దేశంలో ఒక గురువు స్తంభాల పంచలో కూర్చుని ఆ ఓర్పు నేర్పేవాడట. వాళ్ల భాషలో పంచను స్టోవా అంటారట.

అలవాటు కొద్దీ ఆమె పలకను అరచేత్తో తుడిచి, ఆ మాట రాసి, మంచం వైపు తిరిగింది. మంచం మీద పాటల పుస్తకాలు పేర్చి ఉన్నాయి.

"పంచలోనే పుట్టిందంట నాయనా" అంది మెల్లగా.

మళ్లీ పలక వైపు చూసింది. నాయన ఆఖరిసారి దిద్దిన అక్షరాలు అక్కడ లేవు. అరచేతికి తెల్లపొడి అంటుకుని ఉంది.

లోపల్నించి తల్లి అన్నానికి పిలిచింది. షారోను చెయ్యి కడుక్కోలేదు.