పుట అడుగున మా ఆయన పేరు

బావి నీళ్లు తాగి మా బిడ్డ మోకాళ్లు వంగిపోతున్న రోజుల్లోనే నేను ఇంగ్లీషు కాగితాలు తిరగేయడం నేర్చుకున్నాను. నల్లగొండ వైపు ఊరు మాది. నా చదువు రెండో తరగతితో ఆగింది. మా ఆయన పట్నంలో రసాయన శాస్త్రం చదివి వచ్చి, పక్క ఊరి బడిలో పంతులుగా ఉండేవాడు. మా బావి నీళ్లను సీసాల్లో పట్నం కాలేజీకి మోసుకుపోయి పరీక్ష చేశాడు. వాటిలో ఫ్లోరైడు ఉందనీ, ఎముకలను వంచుతున్నది అదేననీ వ్యాసం రాస్తే, ఒక రసాయన పత్రికలో అచ్చయింది.

అది చూపించి, ఫ్లోరైడు లేని వాగు ఒడ్డున కొత్త బావి తవ్వించమని నిజాం సర్కారు అధికారి తాలూక్దారుకు అర్జీ పెట్టాడు.

"పత్రికల ఎవరన్న రాస్తరు, మాస్టర్ సాబ్. నీ మాటను ఎంతమంది పెద్దోళ్లు ఎత్తుకున్నరో చూపియ్యి. అప్పుడు పైకి రాస్త" అన్నాడట ఆ దొర.

శాస్త్రంలోనూ అదే కొలత అని మా ఆయన చెప్పాడు. ఒకరి వ్యాసం పనికొస్తే, తర్వాత రాసేవాళ్లు పుట అడుగున చిన్న అక్షరాల్లో వాళ్ల పేరు వేస్తారు. ఎన్నిసార్లు పేరు వస్తే అంత విలువ. పత్రికల విలువ కూడా అట్లాగే లెక్కగడతారట. బావి నీళ్లు తాగేవాళ్ల లెక్క అందులో ఎక్కడా రాదు.

పట్నం కాలేజీలో ఆయనకు చదువు చెప్పిన గురువు రసాయన పత్రికల సంచికలను కట్టలు కట్టి పంపేవాడు. మా ఆయన బడికి పోయాక వాటిలో ఆయన పేరు వెతకడం నా పని. తన ఇంటిపేరును ఇంగ్లీషులో బొగ్గుతో గోడ మీద రాసిపెట్టాడు. ఆ ఆకారం చూసుకుంటూ, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ప్రతి పుట అడుగునా వేలు పెట్టి పోయేదాన్ని. పగలే చూసేదాన్ని, దీపం చమురు దండగ. అచ్చులో మడతలుగానే వచ్చిన చాలా పుటల అంచులు కోయనే లేదు. కత్తిపీటతో నేనే కోసేదాన్ని. అంటే కాలేజీలోనే వాటిని ఎవరూ విప్పలేదన్నమాట.

రెండు వానాకాలాలు గడిచాయి. బిడ్డ గోడ పట్టుకొని నడిచేది.

"అమ్మా, నాయిన పేరు దొరికిందా?"

"నోరు మూసుకొని తిను. దొరికితే చెప్పనా?"

ఒకనాడు దొరికింది. మా ఆయన బడి నుంచి వచ్చి, నిలబడే చదివి, కూలబడ్డాడు.

"ఇది రాసినాయన నా కొలత తప్పన్నడే. నీళ్లల్ల గంత ఫ్లోరైడు ఉండనే ఉండదట."

"మన నీళ్లు చూసిండా ఆయన?"

"లేదు. యాడనో ఉన్న మనిషి. వాళ్ల నీళ్లు చూసి రాసిండు."

"తిట్టిండో పొగిడిండో మనకెందుకయ్యా? పేరైతె ఎత్తిండు. లెక్కల ఒకటే కద?"

"లెక్కల ఒకటే" అన్నాడు.

మరునాడు బిడ్డను బండి ఎక్కించుకొని తాలూక్దారు కచేరీకి పోయాము. దొర పత్రికలో ఆ పేరు చూసి తల ఊపాడు. తర్వాత "ఏమని రాసిండు?" అని అడిగాడు. నేను మా ఆయన మోచెయ్యి గిచ్చాను.

"తప్పని రాసిండు, హుజూర్."

దొర నవ్వలేదు, కోప్పడలేదు. అర్జీ కొట్టేస్తూ దాని మీద రెండు ముక్కలు రాసి గుమాస్తాకు ఇచ్చేశాడు. బిడ్డ వైపు చూడనైనా లేదు.

బండిలో నేను ఊరుకోలేదు. "ఒక్క అబద్ధం ఆడితే నీ శాస్త్రం మునుగుతుండెనా?"

"మళ్ల కొలుస్త" అన్నాడు.

కొలిచాడు. అదే వచ్చింది. రెండో వ్యాసం పంపితే, మొదటిదే తప్పన్నారు కదా అని పత్రికవాళ్లు తిప్పి పంపారు.

నిజాం రాజ్యం పోయింది, ఆ దొరా పోయాడు. కొత్త బావి రాలేదు. బిడ్డ లేచి నిలబడటం మానేసింది. ఎండాకాలం మాటిమాటికీ దాహమనేది. ఆ నీళ్లే ముంచి ఇచ్చేదాన్ని.